పిల్లల భద్రత గురించి ఎంత భయపడాలి? విశాఖ తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

జూన్‌లో స్కూళ్లు తెరిచిన దగ్గర్నుంచి వేసవి సెలవుల దాకా తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు అవే. కిడ్నాప్ వీడియో ఒకటి వాట్సాప్‌లో తిరిగిందంటే ఆ వారమంతా ఫోన్ మోగుతూనే ఉంటుంది. విశాఖలో స్కూలు పిల్లలతో, వాళ్ల ఇంట్లోవాళ్లతో మాట్లాడే కౌన్సెలర్‌గా నేను ఇచ్చే జవాబులన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. ప్రశ్నలు పిల్లల వయసును బట్టి ఉన్నాయి. మీకు కావాల్సిన దాని దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు.

నేను గట్టిగా నమ్మే మాట ఒకటి ముందే చెబుతాను. మన భయంలో ఎక్కువ భాగం ముక్కూమొహం తెలియని మనిషి మీదే ఉంటోంది. పిల్లలకు ఎక్కువగా హాని జరిగేది మాత్రం నీళ్ల దగ్గర, రోడ్డు మీద, ఇంటికి రాకపోకలున్న మనుషుల వల్ల, చేతిలోని ఫోన్ వల్ల. మన చూపు అటు తిరగాలి.

## అన్ని వయసుల పిల్లల తల్లిదండ్రులూ అడిగేవి

మా చిన్నప్పుడు చీకటి పడేదాకా వీధిలోనే ఆడుకున్నాం. ఇప్పుడు గేటు దాటనివ్వాలంటే భయం. కాలం నిజంగా అంత పాడైపోయిందా?

కొన్ని విషయాల్లో కాలం చాలా మెరుగైంది. 1990లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో దాదాపు 126 మంది ఐదేళ్లు నిండకుండానే చనిపోయేవారు. 2020 నాటికి ఆ సంఖ్య 32కి తగ్గింది. టీకాలు, మంచినీళ్లు, ఆసుపత్రి కాన్పుల వల్ల వచ్చిన మార్పు అది. మన అమ్మమ్మల కాలంలో ప్రతి ఇంట్లోనూ పోయిన బిడ్డ పేరు ఒకటి ఉండేది.

పాడైంది వీధి. జాతీయ రహదారి 16 ఊరి మధ్య నుంచి పోతోంది, సందుల్లోకి కూడా కార్లు వచ్చేశాయి, ఖాళీ స్థలాలు అపార్ట్‌మెంట్లయ్యాయి. అరుగు మీద కూర్చుని అందరి పిల్లల మీదా ఓ కన్నేసి ఉంచే పెద్దవాళ్లు లేరు. మీ పక్క ఫ్లాట్‌లో ఎవరుంటారో మీ పిల్లలకు తెలుసా? తెలియకపోతే ఈ ఆదివారమే తీసుకెళ్లి పరిచయం చేయండి. పిల్లలకు అవసరంలో తలుపు తట్టగలిగే ఇళ్లు రెండు మూడు ఉండటం ఏ కెమెరా కన్నా ఎక్కువ పనికొస్తుంది.

పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా మన ఏరియాలో తిరుగుతోందని మెసేజ్ వచ్చింది. నమ్మాలా?

నమ్మేముందు అందులో తేదీ, చోటు, పోలీస్ స్టేషన్ పేరు ఉన్నాయేమో చూడండి. సాధారణంగా ఉండవు. 2018లో పార్థీ ముఠా వచ్చిందంటూ తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి మెసేజ్‌లే తిరిగాయి. భిక్షమెత్తుకునేవాళ్లను, మతిస్థిమితం లేనివాళ్లను, భాష రాని కూలీలను జనం పట్టుకుని కొట్టారు. ప్రాణాలు పోయాయి. మీ ఫార్వర్డ్ కూడా అలాంటి చోటికే చేరొచ్చు. అనుమానం ఉంటే 112కి ఫోన్ చేసి అడగండి. ఎవరినీ మీరే పట్టుకుని నిలదీయకండి.

పోలీసు రికార్డుల్లో తప్పిపోయిన పిల్లల్లో ఎక్కువ మంది టీనేజీవాళ్లు. ఇంట్లో గొడవ, మార్కుల భయం, ప్రేమ, ఆన్‌లైన్‌లో పరిచయమైనవాళ్ల మాటలు, ఇలా ఏదో ఒక కారణంతో ఇల్లు వదిలినవాళ్లే చాలామంది.

నేను అతిగా భయపడుతున్నానని మా ఆయన అంటారు. అతి అని ఎలా తెలుస్తుంది?

మీ భయం మీ చేత ఏదైనా పని చేయిస్తోందా అని చూసుకోండి. బాల్కనీ గ్రిల్ గురించి భయపడి మేస్త్రీని పిలిపించారంటే అది మంచి భయం. గ్రిల్ బిగించాక కూడా రాత్రి నాలుగుసార్లు లేచి చూస్తున్నారంటే అది మిమ్మల్ని తినేస్తోంది. ఇంకో గుర్తు: మీ పాప వయసు పిల్లలందరూ చేసే పనులు, అంటే స్కూల్ పిక్నిక్, స్నేహితురాలి పుట్టినరోజు, మెట్లు దిగి కిందికెళ్లడం, మీ పాప ఒక్కతే చేయలేకపోతుంటే ఆలోచించాలి. నిద్ర పట్టక, గుండె దడతో ఇబ్బంది పడుతుంటే 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకూ వెళ్లొచ్చు. తల్లి టెన్షన్‌కు వైద్యం తీసుకోవడం పిల్లల భద్రతలో భాగమే. మీ ఆయన కూడా మీతో వస్తే ఇంకా మంచిది.

## ఐదేళ్ల లోపు

మా బాబు ఇరవై నాలుగు గంటలూ ఇంట్లోనే ఉంటాడు. వాడికేం ప్రమాదం?

ఈ వయసులో పెద్ద ప్రమాదాలు ఇంట్లోనే జరుగుతాయి. అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది నీళ్లు. నడక నేర్చిన పిల్లలకు తల బరువు ఎక్కువ. బకెట్‌లోకి తొంగిచూస్తూ తలకిందులుగా పడితే లేవలేరు. జానెడు నీళ్లు చాలు. మునిగే పిల్లలు కేకలు వేయరు, చేతులు కొట్టుకోరు, చప్పుడే ఉండదు. మన ఊళ్లో కుళాయి రోజూ కాసేపే వస్తుంది కాబట్టి ప్రతి బాత్రూంలోనూ నిండా నీళ్లున్న బకెట్లు, డ్రమ్ములు ఉంటాయి. డ్రమ్ముకు మూత, బాత్రూం తలుపుకు పిల్లలకు అందనంత ఎత్తులో గడియ ఈరోజే పెట్టండి. అపార్ట్‌మెంట్ సంపు మూతకు తాళం ఉందో లేదో మీరే కిందికి దిగి చూడండి. వాచ్‌మన్ చూసుకుంటాడులే అనుకోవద్దు.

తర్వాత బాల్కనీ. గ్రిల్ లేకపోతే కుర్చీ, పూలకుండీ, వాషింగ్ మెషీన్ ఏవీ పిట్టగోడ పక్కన ఉంచొద్దు. వేడి సాంబారు, పాలగిన్నె గట్టు అంచున పెట్టకండి. కాలితే ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ల కింద పెట్టాలి. పేస్టు, ఇంకు, పసుపు పూయొద్దు. రిమోట్‌లలో, ఆటబొమ్మల్లో ఉండే గుండ్రటి బటన్ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. మింగాడని అనుమానం వచ్చినా సరే, పొద్దున్న చూద్దాంలే అనకుండా వెంటనే కేజీహెచ్‌కో దగ్గర్లోని పెద్ద ఆసుపత్రికో తీసుకెళ్లండి. కిరోసిన్, యాసిడ్, ఫినాయిల్ తాగితే వాంతి చేయించకూడదు.

పల్లీ గింజ గొంతులో ఇరుక్కుంటే వేలు పెట్టి తీయొచ్చా?

కనిపించకపోతే వేలు పెట్టొద్దు, ఇంకా లోపలికి పోతుంది. దగ్గుతూ ఉంటే దగ్గనివ్వండి. దగ్గలేక, ఏడవలేక ముఖం నీలంగా మారుతుంటే ముందుకు వంచి, వీపు మీద రెండు రెక్కల మధ్య అరచేతి మడమతో ఐదుసార్లు గట్టిగా కొట్టండి. రాకపోతే, ఏడాది దాటిన పిల్లలకు వెనక నుంచి పట్టుకుని బొడ్డుకు పైన పిడికిలితో లోపలికి, పైకి ఐదుసార్లు నొక్కండి. ఏడాది లోపు పసివాళ్లకు పొట్ట నొక్కకూడదు, ఛాతీ మధ్యలో రెండు వేళ్లతో ఐదుసార్లు నొక్కాలి. పక్కనున్నవాళ్లు అప్పటికే 108కి ఫోన్ చేస్తుండాలి. నాలుగేళ్లు దాటేదాకా పల్లీలు, సెనగలు, సీతాఫలం గింజలు చేతికివ్వకపోవడమే మేలు.

ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. ఆయా దగ్గర వదలాలంటే గుండె దడ. కెమెరా పెడితే చాలా?

కెమెరా చూపిస్తుందే కానీ ఆపలేదు. ఆయమ్మ ఆధార్ కాపీ, ఇంటి చిరునామా, ఇంతకుముందు పనిచేసినవాళ్ల ఫోన్ నంబరు తీసుకుని, ఆ నంబరుకు నిజంగా ఫోన్ చేయండి. అప్పుడప్పుడు చెప్పకుండా మధ్యాహ్నం ఇంటికి రండి. ఆమె వచ్చేసరికి పిల్లవాడు ఎలా ఉంటున్నాడో గమనించండి. ఆమెకు సరైన జీతం, సమయానికి భోజనం, ఆదివారం సెలవు ఇవ్వండి. అలసిపోయిన మనిషి చేతిలో పసివాణ్ణి పెట్టడం ఆమెకూ అన్యాయమే.

బండి మీద ముందు నిలబెట్టుకుని తీసుకెళ్తే ఏమవుతుంది? రెండు సందుల దూరమే కదా.

సడన్ బ్రేక్ వేస్తే ముందు నిలబడ్డ పిల్లవాడు హ్యాండిల్‌కీ మీకూ మధ్య నలిగిపోతాడు, లేదా ఎగిరి ముందుకు పడతాడు. 2022లో కేంద్రం సవరించిన మోటారు వాహన నిబంధనల ప్రకారం నాలుగేళ్ల లోపు పిల్లల్ని బండి నడిపేవాళ్లకు కట్టి ఉంచే బెల్టు ఉండాలి, తొమ్మిది నెలలు దాటితే హెల్మెట్ ఉండాలి, బండి వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. నాలుగేళ్లు దాటినవాళ్లకు హెల్మెట్ తప్పనిసరి. దూరం తక్కువని ప్రమాదం తగ్గదు, రోజూ వెళ్లేది ఆ దారిలోనే.

## ఆరు నుంచి పదేళ్లు

వైజాగ్‌లో ఉండి బీచ్‌కి వెళ్లకుండా ఎలా? నీళ్లలోకి ఎంతవరకు దింపొచ్చు?

వెళ్లండి. ఈ ఊళ్లో పుట్టిన పిల్లలకు సముద్రం అంటే ప్రేమ ఉండాలి. కానీ మన తీరం ఎలాంటిదో పెద్దవాళ్లకు తెలిసి ఉండాలి.

ఆర్కే బీచ్ నుంచి రుషికొండ, భీమిలి దాకా, ఇటు యారాడ, అప్పికొండ వైపు కూడా చాలాచోట్ల ఒడ్డు మెల్లగా దిగదు. రెండడుగులు వేస్తే మోకాలు, ఇంకో రెండు వేస్తే నడుము. దీనికి తోడు రిప్ కరెంట్లు. కెరటాలు ఒడ్డుకు తోసిన నీరు ఎక్కడో ఒకచోట నుంచి తిరిగి సముద్రంలోకి పోవాలి. అది ఇరుకైన పాయగా చేరి వేగంగా లోపలికి లాగుతుంది. ఆ పాయ ఉన్నచోట కెరటాలు తక్కువ విరుగుతాయి, నీరు నల్లగా, నెమ్మదిగా కనిపిస్తుంది. ఇక్కడ ప్రశాంతంగా ఉందని తల్లిదండ్రులు పిల్లల్ని దింపేది సరిగ్గా అక్కడే. అందుకే ఒడ్డుకు రాగానే నీళ్లలోకి పరుగెత్తకుండా కాసేపు నిలబడి చూడండి. కెరటాల వరుస మధ్యలో ఎక్కడ ఖాళీ ఉందో గుర్తించి, ఆ ఖాళీకి దూరంగా ఉండండి.

నేను ఒప్పుకునే హద్దు పిల్లవాడి మోకాలు. మీ మోకాలు కాదు. చెయ్యి మీ చేతిలో ఉండాలి. ఒడ్డున కూర్చుని చూస్తున్నాం కదా అంటే కుదరదు. సముద్రానికి వీపు పెట్టి సెల్ఫీ దిగొద్దు. లైఫ్‌గార్డులు ఉన్న చోటే దిగండి, వాళ్లు విజిల్ ఊదితే వాదించకండి. తెన్నేటి పార్కు, జోడుగుళ్లపాలెం దగ్గరి రాళ్ల మీద పాచి ఉంటుంది, పిల్లల్ని ఎక్కనివ్వొద్దు. వాయుగుండం ఉందని వాతావరణ శాఖ చెప్పిన రోజు, వానలేకుండా ఎండ కాస్తున్నా సరే, పాదాలు తడుపుకోవడం కూడా మానండి.

కార్తీకమాసం పిక్నిక్‌లు, మాఘ పౌర్ణమి స్నానాలు, కొత్త సంవత్సరం సాయంత్రాలు నాకు చాలా టెన్షన్ ఇస్తాయి. పదిహేను మంది పెద్దవాళ్లు ఉంటారు, ఎవరికి వారు ఇంకొకరు చూస్తున్నారనుకుంటారు. అలాంటప్పుడు ఒక మనిషికి పేరు పెట్టి అప్పజెప్పండి: "ఈ అరగంట పిల్లల్ని శీను మావయ్య చూస్తాడు." ఆ అరగంట ఆయన చేతిలో ఫోన్ ఉండకూడదు. మందు తాగినవాళ్లకు ఆ పని ఇవ్వకూడదు.

ఎవరినైనా కెరటం లాగేస్తే మీరు దూకకండి. కాపాడబోయినవాళ్లే పోయిన సంఘటనలు ఈ తీరంలో ఎన్నో ఉన్నాయి. లైఫ్‌గార్డును కేకేయండి, 112కి ఫోన్ చేయించండి, తేలే వస్తువు ఏదైనా, ఖాళీ క్యాన్, బంతి, ట్యూబు, విసరండి. లాక్కుపోయిన మనిషి ఒడ్డు వైపు ఎదురీదితే అలసిపోతాడు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది పాయ నుంచి బయటపడాలి, లేదంటే వెల్లకిలా తేలుతూ చెయ్యి ఊపాలి. బయటికి తీసిన పిల్లవాణ్ణి తలకిందులుగా వేలాడదీయడం, పొట్ట నొక్కడం చేయొద్దు. ఊపిరి లేకపోతే ముందు నోటితో ఐదుసార్లు గాలి ఊదండి. కదలిక లేకపోతే వెంటనే ఛాతీ మీద ముప్పైసార్లు నొక్కి రెండుసార్లు ఊదడం, 108 వచ్చేదాకా ఇలాగే.

ఈత నేర్పిస్తే ఇక సముద్రం భయం ఉండదు కదా?

ఈత తప్పకుండా నేర్పించండి, చెరువు, బావి, స్విమ్మింగ్ పూల్ దగ్గర ప్రాణం కాపాడుతుంది. కానీ పూల్‌లో కెరటాలు ఉండవు, లోపలికి లాగే పాయలు ఉండవు. ఈత వచ్చన్న ధైర్యంతో లోతుకు వెళ్లి మునిగిన కాలేజీ పిల్లలు చాలామంది. ఈత నేర్చుకున్నాక కూడా సముద్రంలో హద్దు మారకూడదు.

స్కూల్ ఆటోలో పంపుతున్నాం. సురక్షితమేనా?

ఎంతమంది ఎక్కుతున్నారో ముందు లెక్కపెట్టండి. డ్రైవర్ పక్కన పిల్లలు కూర్చుంటున్నా, కాళ్లో బ్యాగులో బయటికి వేలాడుతున్నా ఆ ఆటో పనికిరాదు. ఒక్క ఇల్లు చెబితే డ్రైవర్ వినకపోవచ్చు. ఆ ఆటోలో వెళ్లే పిల్లల తల్లిదండ్రులందరూ కలిసి, తలా కొంచెం ఎక్కువ కట్టి, తక్కువమందిని ఎక్కించమని అడగండి. ఆయన పొట్టకూడు కూడా అందులోనే ఉంది, బేరం అలా చేస్తేనే నిలబడుతుంది. బస్సయితే అటెండర్ ఉన్నారా, అత్యవసర ద్వారం తెరుచుకుంటుందా, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉందా అని స్కూల్‌ను అడిగే హక్కు మీకుంది.

ఎక్కడ దింపుతున్నారన్నది కూడా చూడండి. మద్దిలపాలెం, హనుమంతవాక, గాజువాక లాంటి చోట్ల రోడ్డుకు అవతల దింపితే పిల్లవాడు హైవే దాటాలి. పదేళ్ల లోపు పిల్లలు వచ్చే బండి వేగాన్ని సరిగ్గా అంచనా వేయలేరు. అది తెలివితేటలకు సంబంధించింది కాదు, వయసుకు సంబంధించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం 5 నుంచి 29 ఏళ్ల మధ్యవాళ్ల మరణాలకు మొదటి కారణం రోడ్డు ప్రమాదాలే.

వీధికుక్కల భయంతో పిల్లల్ని కిందికే పంపడం లేదు. ఏం చేయాలి?

కుక్క వెంటపడితే పరుగెత్తకుండా నిలబడిపోవడం, కళ్లలోకి చూడకపోవడం, తినేటప్పుడు, పిల్లలతో ఉన్నప్పుడు దాని దగ్గరికి పోకపోవడం నేర్పండి. అంతకన్నా ముఖ్యం, కరిస్తే ఇంట్లో చెప్పాలన్న ధైర్యం. తిడతారని దాచిపెట్టే పిల్లలే ఎక్కువ ప్రమాదంలో పడతారు, ఎందుకంటే రేబిస్ లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు. చిన్న గీరుకైనా సబ్బుతో, పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడగండి. కారం, సున్నం, పసరు పెట్టొద్దు. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి, రక్తం వస్తే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా కావాలి. డాక్టర్ రాసిన అన్ని డోసులూ పూర్తి చేయండి, మూడోది అయ్యాక మానేయొద్దు.

గుడ్ టచ్, బ్యాడ్ టచ్ ఎప్పుడు చెప్పాలి? చెబితే పాప భయపడిపోదా?

మూడు నాలుగేళ్లకు స్నానం చేయించేటప్పుడే మొదలుపెట్టండి. శరీర భాగాలకు పేర్లు చెప్పండి. సిగ్గుపడి దాచిన భాగానికి పేరు లేకపోతే పాప జరిగింది ఎలా చెబుతుంది? స్నానపు సూట్ కప్పే చోట్లను ఎవరూ ముట్టుకోకూడదు, చూడకూడదు, వాళ్లవి ముట్టుకోమనకూడదు. ఒంట్లో బాగోనప్పుడు డాక్టర్ చూస్తారు, అప్పుడు అమ్మో నాన్నో పక్కనే ఉంటారు. నిదానంగా, రోడ్డు దాటే నియమం చెప్పినట్టే చెబితే పిల్లలు భయపడరు. మన గొంతులో వణుకు ఉంటేనే వాళ్లు బెదురుతారు.

రహస్యాల గురించి తప్పకుండా చెప్పండి. "అమ్మకు చెప్పకు" అని ఎవరైనా అంటే అది అమ్మకు చెప్పాల్సిన మాటే. పుట్టినరోజు బహుమతి లాంటి సర్ప్రైజ్ వేరు, దానికి గడువుంటుంది.

తెలియనివాళ్లతో జాగ్రత్త అని మాత్రమే నేర్పితే అసలు ప్రమాదాన్ని వదిలేసినట్టే. జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదికల్లో పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) అత్యాచార కేసుల్లో నిందితులు నూటికి 90 మందికి పైగా పిల్లలకు తెలిసినవాళ్లే. బంధువు, పొరుగువాడు, ట్యూషన్ సారు, కుటుంబ స్నేహితుడు. చేసిన మనిషి ఎంత పెద్దవాడైనా, ఎంత ఇష్టమైనవాడైనా, నువ్వు చెప్పింది నేను నమ్ముతాను అని పాపకు ముందే చెప్పి ఉంచండి. ఒక్కసారి చెబితే సరిపోదు.

చుట్టాలొచ్చినప్పుడు తాతయ్యకు ముద్దు పెట్టు, బాబాయ్ ఒళ్లో కూర్చో అంటాం. పిల్ల వద్దంటే మన మర్యాద పోదూ?

నమస్కారం పెట్టమనండి, కాళ్లకు దండం పెట్టించండి, మర్యాద నిలబడుతుంది. ముద్దు, కౌగిలింత మాత్రం పిల్ల ఇష్టం. ఇష్టం లేకపోయినా పెద్దవాళ్ల కోసం ఒప్పుకోవాలని ఒకచోట నేర్పి, ఇంకోచోట కాదనమంటే పిల్లకు తేడా ఎలా తెలుస్తుంది? తాతయ్యకు మీరే నవ్వుతూ చెప్పండి, "దానికి ఇప్పుడు ఇష్టం లేదంట నాన్నా, తర్వాత వస్తుందిలెండి" అని. మంచి తాతయ్య బాధపడడు.

ఎన్నేళ్లకు ఒంటరిగా కింద కిరాణా కొట్టుకు పంపొచ్చు?

రోడ్డు దాటనవసరం లేని కొట్టయితే ఎనిమిదేళ్లకు చాలామంది వెళ్లగలరు. మొదట మీరు వెనక నడవండి, తర్వాత గేటు దగ్గర నిలబడండి, ఆ తర్వాత ఇంట్లో ఉండండి. మీ ఫోన్ నంబరు నోటికి వచ్చి ఉండాలి. కొట్టు ఆయనకు పిల్లను పరిచయం చేయండి.

## పదకొండు నుంచి పద్నాలుగేళ్లు

ఫోన్ చెక్ చేయాలా? చేస్తే మా మీద నమ్మకం పోదా?

దొంగతనంగా చేస్తే పోతుంది. ఫోన్ ఇచ్చిన రోజే చెప్పండి: ఇది ఇంటి ఫోన్, పాస్‌వర్డ్ మాకు తెలియాలి, రాత్రి పది తర్వాత హాల్లో చార్జింగ్‌లో ఉంటుంది. ఈ చివరి నియమం మీకూ వర్తించాలి. ఏ యాప్‌లో ఎవరితో మాట్లాడుతున్నారో వాళ్ల పక్కన కూర్చుని చూపించమనండి, ఆట ఆడితే మీరూ ఒక రౌండు ఆడండి. డబ్బు పెట్టి ఆడే ఆటలను 2025లో పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది. అయినా ఎవరైనా లింకు పంపితే నొక్కొద్దని చెప్పండి. మీ బ్యాంకు పిన్ పిల్లలకు తెలియనివ్వకండి.

అమ్మాయి ఫొటో పెట్టి ఎవడో డబ్బు అడుగుతున్నాడు. ఇంట్లో తెలిస్తే చంపేస్తారని ఏడుస్తోంది.

ముందు పాపను దగ్గరికి తీసుకోండి. "ఎందుకు పంపావు" అన్న ప్రశ్న ఈరోజు వద్దు. ఇలాంటి బెదిరింపుల్లో పిల్లల ప్రాణాలు తీసేది ఇంట్లోవాళ్లకు తెలిసిపోతుందన్న భయమే. డబ్బు కట్టకండి, కడితే మళ్లీ అడుగుతాడు. చాట్‌లు తుడిచేయకుండా స్క్రీన్‌షాట్లు తీసి, ఖాతా పేరు, నంబరు రాసుకుని తర్వాత బ్లాక్ చేయండి. 1930కి ఫోన్ చేయండి, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. మైనర్ అశ్లీల చిత్రం దగ్గర పెట్టుకోవడం, పంచడం నేరం, కాబట్టి చట్టం పాప వైపే ఉంది. ఆ కొన్ని రోజులు పాపను ఒంటరిగా పడుకోనివ్వొద్దు.

మాది మగపిల్లాడు. వాడికేమవుతుంది?

ఆడపిల్లకు ఏం కావచ్చో అదే కావచ్చు. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో చేయించిన అధ్యయనంలో, లైంగిక వేధింపు ఎదురైందని చెప్పిన పిల్లల్లో సగానికి పైగా మగపిల్లలే. పోక్సో చట్టానికి ఆడ మగ తేడా లేదు. మగపిల్లలు చెప్పుకోవడానికి ఇంకా ఎక్కువ సిగ్గుపడతారు, ఎందుకంటే ఏడిస్తే "ఆడపిల్లలా ఏడుస్తావేంరా" అన్నది మనమే. ఆ మాట మీ ఇంట్లో వినపడకుండా చూడండి.

## పదిహేను నుంచి పద్దెనిమిదేళ్లు

ఇంటర్ అబ్బాయి స్కూటీ ఇమ్మని గొడవ చేస్తున్నాడు. అందరూ ఇస్తున్నారు కదా?

ఇవ్వొద్దు. మైనర్ బండి నడిపి పట్టుబడితే బండి యజమానికో, తల్లిదండ్రులకో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు, ఏడాది పాటు రిజిస్ట్రేషన్ రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. చట్టం సంగతి అలా ఉంచినా, బీచ్ రోడ్డులో రాత్రిపూట రేసులు చూసినవాళ్లెవరికీ ఈ విషయంలో రెండో ఆలోచన ఉండదు. బస్ పాస్ కొనివ్వండి.

గంజాయి భయం. మన ఊళ్లో ఎక్కువని అంటారు.

ఏజెన్సీ నుంచి వచ్చే దారిలో మన ఊరు ఉంది కాబట్టి ఆ భయానికి కారణం లేకపోలేదు. స్నేహితులు ఒక్కసారిగా మారిపోవడం, కళ్లు ఎర్రబడటం, డబ్బు మాయం కావడం, చదువు పడిపోవడం కలిసి కనిపిస్తే అడగండి. కొట్టి ఒప్పించాలని చూడకండి. వాడుతున్నాడని తేలితే అది వైద్యం చేయించాల్సిన సమస్య, మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. అమ్మేవాళ్ల సమాచారం మాదకద్రవ్యాలను అరికట్టే రాష్ట్ర ఈగల్ విభాగానికి 1972 నంబరులో చెప్పొచ్చు.

హాస్టల్‌లో చేర్చాం. ఫోన్‌లో మాట్లాడితే ముక్తసరిగా జవాబిస్తోంది. కంగారు పడాలా?

పడాలి. నిద్ర, తిండి మారాయా, ఇష్టమైనవి వదిలేసిందా, వస్తువులు స్నేహితులకు పంచేస్తోందా, "నేను లేకపోతే మీకే హాయి" లాంటి మాటలు వస్తున్నాయా అడిగి తెలుసుకోండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగొచ్చు. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. అవునంటే ఆ రోజే వెళ్లి ఇంటికి తీసుకొచ్చేయండి. కట్టిన ఫీజు పోతే పోనివ్వండి. ఇంటర్ ఫలితాలు వచ్చే రోజు తల్లిదండ్రుల్లో ఒకరు సెలవు పెట్టి ఇంట్లో ఉండండి. ఆ రోజు పక్కింటి పిల్ల మార్కుల మాట ఇంట్లో రాకూడదు.

అమ్మాయి ద్వారకానగర్‌లో కోచింగ్ అయ్యేసరికి రాత్రి తొమ్మిదవుతుంది. మాన్పించేయమని మా అత్తగారు అంటున్నారు.

ప్రతి భయానికీ అమ్మాయి చదువే మూల్యం కాకూడదు. అదే వైపు వెళ్లే ఇద్దరు ముగ్గురితో కలిసి రావడం, బస్టాపు నుంచి ఇంటికి ఎవరో ఒకరు ఎదురెళ్లడం, ఆటో ఎక్కగానే నంబరు ఫొటో, లైవ్ లొకేషన్ ఇంటికి పంపడం అలవాటు చేయండి. రాష్ట్ర పోలీసుల శక్తి యాప్ వేసి, ఎస్ఓఎస్ బటన్ ఎలా వాడాలో ఇద్దరూ కలిసి చూడండి. దారిలో ఎవడైనా ఏడిపిస్తే ఇంట్లో చెప్పగానే చదువు ఆగిపోతుందనుకుంటే అమ్మాయి చెప్పడం మానేస్తుంది. అత్తగారికి ఈ సంగతే వివరించండి.

## ఏదైనా జరిగినప్పుడు

పాప ఒక మనిషి గురించి చెప్పింది. పోలీసుల దగ్గరికి వెళ్తే పరువు పోతుందని ఇంట్లో అంటున్నారు.

పాపతో మూడు మాటలు: చెప్పి మంచి పని చేశావు, నేను నమ్ముతున్నాను, తప్పు నీది కాదు. పదే పదే అడగకండి, బంధువుల ముందు చెప్పించకండి, ఆ మనిషిని పిలిపించి పంచాయితీ పెట్టకండి. ఇటీవలే జరిగితే స్నానం చేయించకుండా, వేసుకున్న బట్టలు ఉతక్కుండా కాగితం సంచిలో ఉంచి ఆసుపత్రికి వెళ్లండి. ఏ ఆసుపత్రి అయినా ఎఫ్ఐఆర్ లేదని వైద్యం నిరాకరించకూడదు.

పోక్సో చట్టం ప్రకారం పాప వాంగ్మూలం ఇంట్లోనో తను కోరుకున్న చోటో తీసుకోవాలి, వీలైనంతవరకు మహిళా ఎస్ఐ యూనిఫాం లేకుండా రావాలి, పాపను రాత్రి స్టేషన్‌లో ఉంచకూడదు. ఆడపిల్లకు వైద్య పరీక్ష మహిళా డాక్టరే చేయాలి. పేరు, ఫొటో, స్కూలు, ఇంటి చిరునామా ఏదీ మీడియాలో రాకూడదు. తెలిసి కూడా ఫిర్యాదు చేయకపోవడం నేరం. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే ఏం చేయాలో దగ్గరుండి చెబుతారు. పరువు గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను: ఆ మనిషి రేపు ఇంకో ఇంటి గుమ్మం ఎక్కుతాడు.

ఫ్యాక్టరీల పక్కనే ఉంటున్నాం. మళ్లీ గ్యాస్ లీకయితే?

2020 మే 7 తెల్లవారుజామున ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీకై 12 మంది చనిపోయారు. ఆ ఊళ్లో ఈ భయం అనవసరమని నేనెవరికీ చెప్పలేను. ఇంట్లో ముందే అనుకోవాల్సినవి: వాసన వస్తే గాలి ఎటు వీస్తోందో చూసి దానికి అడ్డంగా, అంటే పక్కకు వెళ్లాలి, గాలి పోయే దారిలోనే పరుగెత్తకూడదు. స్టైరీన్ ఆవిరి గాలికన్నా బరువు, పల్లాల్లో, నేల దగ్గర నిలుస్తుంది. తడి గుడ్డ ముక్కుకు కట్టుకోండి. బయట మేఘంలా కనిపిస్తూ దాటే వీల్లేకపోతే తలుపులు, కిటికీలు మూసి, ఏసీ, ఫ్యాన్లు ఆపి 112కి చెప్పండి. ఏ పిల్లను ఎవరు ఎత్తుకుంటారో, విడిపోతే ఎక్కడ కలవాలో పిల్లలకు కూడా తెలిసి ఉండాలి.

పిల్లాడు కనిపించడం లేదు. ఇరవై నాలుగు గంటలు ఆగాలా?

ఒక్క గంట కూడా ఆగక్కర్లేదు. 2013లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: పిల్లలు తప్పిపోయారని ఫిర్యాదు వస్తే పోలీసులు ఎఫ్ఐఆర్ నమోదు చేయాలి. ఏ స్టేషన్ పరిధి అన్న ప్రశ్న లేకుండా దగ్గర్లోని స్టేషన్ తీసుకోవాలి. మొదట ఇంట్లో మంచాల కింద, అల్మరాల్లో, సంపు, బావి, నీళ్ల ట్యాంకు దగ్గర చూడండి. ఇంకొకరు అదే సమయంలో 112కి ఫోన్ చేయాలి. ఈరోజు వేసుకున్న బట్టల రంగు, ఇటీవలి ఫొటో, వాడే ఫోన్ నంబరు, ఇన్‌స్టా ఖాతా పేరు సిద్ధంగా పెట్టుకోండి. రైల్వే స్టేషన్, ద్వారకా బస్ స్టేషన్‌లకు ఇద్దరిని పంపండి. సింహాచలం గిరిప్రదక్షిణ, బీచ్ ఉత్సవాల లాంటి జనంలోకి వెళ్లేముందు ఇంటి నుంచి బయల్దేరేటప్పుడే పిల్లల ఫొటో ఒకటి తీసి, చేతి మీద పెన్నుతో మీ నంబరు రాయండి.

దొరికాక స్టేషన్‌కు ఆ విషయం చెప్పండి, లేకపోతే వాళ్లు వెతుకుతూనే ఉంటారు. తనంతట తానే వెళ్లిపోయిన పిల్లవాడైతే ఆ రాత్రి అన్నం పెట్టి పడుకోబెట్టండి. ఎందుకు వెళ్లాడో మర్నాడు అడగొచ్చు. అప్పుడు కూడా ఇంట్లో ఒక్కరే అడగాలి, మిగతావాళ్లు వేరే గదిలో ఉండాలి.